సానయంత్రపు రాయిని మార్చునపుడు పాటించవలసిన జాగ్రత్తలు

తొలకరి వానలకు ముందు పారలు, గొడ్డళ్లు, కొడవళ్లు, చొప్ప నరికే యంత్రపు కత్తులు సాన పట్టుకొనుట ప్రతి రైతు ఇంట జరుగు పనియే. పూర్వము చేతితో త్రిప్పు సానరాయి ఉండెడిది. అది పగిలినను అక్కడే పడిపోయెడిది. ఎవరికిని అంతగా హాని లేదు. నేడు చాలామంది రైతులు కరెంటు మోటారుతో నడచు బెంచి గ్రైండరును వాడుచున్నారు. దాని రాయి అరిగిపోయినపుడో, పెచ్చు లేచినపుడో కొత్తది బిగించుట చిన్న పనిగనే కనబడును. కాని అజాగ్రత్తగా బిగించిన రాయి కంటిని పోగొట్టవచ్చును. ఒక్కొక్కప్పుడు ప్రాణమునే తీయవచ్చును.

రాయి ఎందుకు పగులును?

6 అంగుళముల రాయి మన కరెంటుపై నిమిషమునకు సుమారు 2,800 నుండి 2,900 చుట్లు తిరుగును. అనగా దాని అంచు గంటకు దాదాపు 80 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. ఆ వేగము రాతిని అన్ని వైపులకు చీల్చుటకు లాగుచుండును. వేగము రెట్టింపైనచో ఈ లాగుడు నాలుగు రెట్లగును. మంచి రాయి దీనిని తట్టుకొనును. వెంట్రుకవాసి పగులున్న రాయి తట్టుకొనలేదు. ముక్కలై తుపాకి గుండ్లవలె ఎగురును. ఈ పగులు చాలాసార్లు కంటికి కనబడదు. అందుచేత రాతిని చూచి కాక, మ్రోగించి విని నమ్మవలెను.

ఎప్పుడు మార్చవలెను?

పగులు కనబడినను, అంచున పెద్ద పెచ్చు లేచినను ఆ రాతిని వెంటనే తీసివేయవలెను. అరిగి, ఆనిక (పనిముట్టును ఆనించు పలక) ఎంత జరిపినను రాతికి దగ్గరగా రానపుడు కూడ మార్చవలెను. పగిలిన రాతిని అతికించి వాడరాదు. దానిని ముక్కలు చేసి పారవేసినచో మరియొకరు తెలియక బిగించు ప్రమాదముండదు.

కొనునపుడు చూడవలసినవి

రాతికి అతికించిన కాగితపు బిళ్లపై వ్యాసము, మందము, నడిమి రంధ్రపు కొలత, మించరాని వేగము వ్రాసి ఉండును. ఆ వేగము మీ యంత్రముపై వ్రాసిన వేగముకంటె ఎక్కువగా ఉండవలెను. తక్కువ ఉన్న రాతిని ఉచితముగా ఇచ్చినను తీసుకొనరాదు. ఆయిలు ఇంజనుకు బెల్టు వేసి రాతిని నడుపువారు ఈ లెక్కను మరింత జాగ్రత్తగా చూచుకొనవలెను. నిమిషమునకు 1,500 చుట్లు తిరుగు ఇంజనుపై 8 అంగుళముల కప్పీ, రాతి ఇరుసుపై 3 అంగుళముల కప్పీ ఉన్నచో రాయి 4,000 చుట్లు తిరుగును. 3,300 అని వ్రాసి ఉన్న రాతికి ఇది మృత్యువే. అట్లే బెంచి గ్రైండరు రాతిని చేతితో పట్టుకొను కోత గ్రైండరుకు ఎన్నడును బిగించరాదు. చిన్న కోత గ్రైండర్లు పదివేల చుట్లకు పైగా తిరుగును.

బిళ్లపై 'ఎ' అను గుర్తున్న రాయి ఇనుము, ఉక్కు పనిముట్లకు తగినది. సంఖ్య గరుకుతనమును తెలుపును. 36 గరుకు రాయి. పార, గొడ్డలి ఆకారము సరిచేయుటకు పనికివచ్చును. 60 అంతకంటె నున్ననిది; కత్తులకు వాడి పెట్టుటకు మంచిది.

మ్రోగించి చూచుట

కుండ కొనునపుడు వ్రేలితో కొట్టి చూతుము గదా! రాతికిని అదే పరీక్ష. రాయి పొడిగా, దుమ్ము లేకుండ ఉండవలెను. నడిమి రంధ్రములో వ్రేలు గాని కర్ర గాని పెట్టి వ్రేలాడదీయుడు. స్క్రూడ్రైవరు పిడివంటి దానితో, అంచుకు ఒకటి రెండు అంగుళముల లోపల, నిలువు గీతకు ఇరువైపుల ఏటవాలుగా మెల్లగా కొట్టుడు. రాతిని కొంచెము త్రిప్పి మరల కొట్టుడు. ఇనుప సుత్తి వాడరాదు. మంచి రాయి ఖంగుమని మ్రోగును. పగిలిన రాయి పగిలిన కుండవలె మొద్దుగా పలుకును. అట్టి దానిని బిగించరాదు. అంగడిలో ఒకసారి, ఇంటికి తెచ్చిన తరువాత మరియొకసారి ఈ పరీక్ష చేయవలెను. దారిలో సంచి క్రింద పడి ఉండవచ్చును.

పాత రాతిని తీయుట

మొదట ప్లగ్గును ఊడదీయవలెను. కరెంటు పోయినది గదా అని స్విచ్చి వేసి ఉంచియే నట్టు విప్పువారున్నారు. చేయి లోపల ఉండగా కరెంటు వచ్చినచో వ్రేళ్లు మిగులవు.

గార్డు మూతను తీసి నట్టు విప్పవలెను. కుడివైపు నట్టు మామూలు మర కలది. ఎడమవైపు నట్టుకు మర తిరగేసి ఉండును. ఇది తెలియక బలము చేసి మరను పాడుచేయువారు పెక్కుమంది. గుర్తుంచుకొనుటకు సులభమైన మార్గము: రాయి పని చేయునపుడు దాని పైభాగము మీవైపు వచ్చును. ఏ వైపు నట్టునైనను ఆ దిశలోనే త్రిప్పినచో వదులగును. ఇరుసు తిరుగకుండ రెండవవైపు రాతిని మందమైన గోనెగుడ్డతో పట్టుకొనవలెను.

రాయి నడుచుచుండగా పగిలినదైనచో, ఇరుసు వంగినదా, ఫ్లాంజి బిళ్లలు వంకర పోయినవా, గార్డు చిట్లినదా చూడవలెను. రెండవ రాతికిని దెబ్బ తగిలి ఉండవచ్చును గనుక దానిని కూడ తీసి మ్రోగించవలెను.

కొత్త రాతిని బిగించుట

రాయి ఇరుసుపై తేలికగా జారవలెను, వదులుగా ఊగరాదు. బిగుతుగా ఉన్నదని సుత్తితో కొట్టరాదు, రంధ్రమును ఆకురాయితో పెద్దది చేయరాదు. రంధ్రము పెద్దదైనచో దానికి తగిన బుష్ వేయవలెను. ఇరువైపుల ఫ్లాంజి బిళ్లలు ఒకే కొలతలో ఉండి, రాతి వ్యాసములో మూడవ వంతుకు తగ్గకుండ ఉండవలెను. రాతికిని ఫ్లాంజికిని నడుమ అట్ట బిళ్ల తప్పక ఉండవలెను. బరువు ఒకేచోట పడకుండ కాపాడునది అదే. నట్టును రాయి జారనంత వరకే బిగించవలెను. ఎక్కువ బిగించినచో ఆ బిగువే రాతిని చీల్చును.

తరువాత గార్డు బిగించి, ఆనికను రాతికి 3 మిల్లీమీటర్ల లోపు జరుపవలెను. సందు ఎక్కువైనచో పనిముట్టు అందులో ఇరుక్కొని రాతిని పగులగొట్టును. గార్డు పైనాలుక ఉన్నచో దానిని 6 మిల్లీమీటర్ల లోపు ఉంచవలెను. రాయి తిరుగుచుండగా వీటిని జరుపరాదు. పెద్ద రాయి పట్టుటకై గార్డును తీసివేయుట ఆత్మహత్యవంటిది.

మొదటి నిమిషము

చేతితో త్రిప్పి ఎక్కడను రాచుకొనుట లేదని చూచుకొని, ప్లగ్గు పెట్టి, పిల్లలను దూరముగా పంపి, రాతికి ఎదురుగా గాక ప్రక్కన నిలువబడి స్విచ్చి వేయవలెను. ఒక పూర్తి నిమిషము ఊరకనే తిరుగనీయవలెను. పగులునది సాధారణముగా ఈ సమయముననే పగులును. వణకుచున్నచో వెంటనే ఆపి మరల చూడవలెను.

పని చేయునపుడు కంటి అద్దములు తప్పక ధరించవలెను. భుజముపై తువ్వాలు, వ్రేలాడు పంచె కొస, చేతి తొడుగులు ఉండరాదు. రాయి వాటిని లాగుకొనును. రాతి ప్రక్కభాగమున సాన పట్టరాదు. కర్ర, ఇత్తడి, అల్యూమినియము రాతికి ఆనించినచో రంధ్రములు పూడుకొని రాయి వేడెక్కును. మిగిలిన రాళ్లను తడి, నూనె తగులని చోట ఉంచవలెను.

ఈ జాగ్రత్తలన్నిటికిని కలిపి పావుగంట పట్టును. పదును లేని కొడవలిని మరుసటి దినమైనను సాన పట్టుకొనవచ్చును. పోయిన కన్ను తిరిగి రాదు.