రూ.3 వేల లోపే పెయింట్ స్ప్రేయర్.. విశాఖ ఉప్పుగాలికి పనికొస్తుందా?

విశాఖపట్నం: గేటుకు వేసిన రంగు ఎన్నాళ్లు నిలుస్తుందో బీచ్ రోడ్ వైపు ఇల్లున్నవాళ్లను అడగాలి. ఉప్పుగాలికి కిటికీ గ్రిల్స్, బాల్కనీ రెయిలింగ్, ఏసీ స్టాండ్ అన్నీ తుప్పు పట్టాల్సిందే. చిన్న పనికి పెయింటర్ దొరకడం కష్టం. అందుకే ఆన్‌లైన్‌లో రెండు, మూడు వేలకు దొరికే ఎలక్ట్రిక్ స్ప్రేయర్ల మీద చూపు పడుతోంది. మరి ఇవి నిజంగా పనిచేస్తాయా? చేస్తాయి.. కానీ ప్రకటన వీడియోలో చూపించినంత సులువుగా కాదు.

అసలు ఎలా పనిచేస్తుందంటే..

గొంతులో మందు చల్లడానికి అమెరికాలోని ఓహియోకు చెందిన డాక్టర్ అలెన్ డివిల్బిస్ 1880ల్లో ఓ పరికరం చేశారు. ఆయన కొడుకు థామస్ 1907లో దాన్ని రంగులు కొట్టే గన్‌గా మార్చారు. కార్ల షెడ్లలో వాడే గన్‌కు కంప్రెసర్ కావాలి. ఇంటి రకానికి అదక్కర్లేదు. చిన్న మోటారు ఎక్కువ గాలిని తక్కువ ఒత్తిడితో ఊదుతుంది.

చిక్కంతా ఆ తక్కువ ఒత్తిడితోనే. డబ్బాలోని ఎనామెల్‌ను నేరుగా పోస్తే తుంపర రాదు, చుక్కలు చుక్కలుగా ఉమ్ముతుంది. మెషిన్ బాగాలేదని చాలామంది తిప్పి పంపేది ఇక్కడే. చాలా మోడళ్లతో అడుగున చిల్లున్న చిన్న కప్పు ఇస్తారు. అందులో పెయింట్ నింపి, ఎన్ని సెకన్లలో ఖాళీ అవుతుందో చూడాలి. మాన్యువల్‌లో చెప్పిన లెక్క కుదిరేదాకా టర్పెంటైన్ కొద్దికొద్దిగా కలపాలి. తర్వాత పల్చటి నైలాన్ గుడ్డలో వడకట్టాలి, లేదంటే మీగడలా కట్టిన తెట్టు నాజిల్‌లో ఇరుక్కుంటుంది. మొదట అట్టపెట్టె మీద కొట్టి చూడటం మంచిది. గన్‌ను 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, మణికట్టు తిప్పకుండా చేయి మొత్తాన్ని కదపాలి. ఒకేసారి మందంగా కొడితే కారిపోతుంది.

గేటుకైతే ముందు బ్రష్షే!

తుప్పు పట్టిన ఇనుము మీద నేరుగా స్ప్రే చేస్తే నాలుగు రోజులు మెరిసి, మళ్లీ బుడగలు లేస్తాయి. కారణం.. కంటికి కనపడని ఉప్పు. ముందు మంచినీళ్లతో బాగా కడగాలి. తుప్పును వైర్ బ్రష్, ఉప్పుకాగితంతో గీకి, ఆరాక ప్రైమర్‌ను బ్రష్‌తోనే రుద్దాలి. గుంటల్లోకి ప్రైమర్‌ను నెట్టేది కుంచె మాత్రమే. స్ప్రేయర్ పని పైపూతతోనే. అదీ గ్రిల్‌కు కొడితే తుంపరలో చాలా భాగం సందుల్లోంచి అవతలికి పోతుంది. వెనక పాత దుప్పటి కట్టకపోతే పక్కింటివాళ్ల కారుతో పంచాయితీ తప్పదు.

గృహావసర పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్ 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు రంగు వేసిన గేటైతే పొడిగా గీకొద్దు, తడిపి గీకాలి. ఆ దుమ్ము పిల్లలకు ప్రమాదం.

ఎప్పుడు కొట్టాలి?

గాల్లో తేమ ఎక్కువగా ఉండే ఊరిది. ఇనుము వేడి, మంచు బిందువు కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలన్నది పారిశ్రామిక పెయింటింగ్‌లో పాటించే లెక్క. ఇంట్లో అంత కొలవక్కర్లేదు. ఉదయం తడి ఆరాక, సముద్రపు గాలి జోరందుకోకముందు పని ముగించుకుంటే చాలు. తేమలో చెక్కకు ఎన్‌సీ లక్కర్ కొడితే తెల్లటి మసక వస్తుంది. పోర్టు దగ్గర వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు దుమ్ము గురించి చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యం.. ఎన్‌సీ థిన్నర్ ఆవిరి చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. చాలా చవక మెషిన్లు దానికి పనికిరావు, మాన్యువల్‌లో ఫ్లాష్ పాయింట్ హద్దు చూసుకోవాల్సిందే. వంటగది పక్కన, మూసిన గదిలో అస్సలు వద్దు. గుడ్డ మాస్క్ ఆవిరిని ఆపదు, కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి.

పని అయ్యాక కడగడానికే అరగంట పోతుంది. కాబట్టి ఒక్క స్టూలు కోసమైతే బ్రష్షే నయం. పేము కుర్చీలు, లూవర్ తలుపులు, పిల్లల సైకిళ్లు నాలుగైదు ఒకేసారి ఉంటే మెషిన్ డబ్బులు గిట్టుబాటవుతాయి. ఓడల మోడళ్లు చేసే హాబీ వాళ్లకు మాత్రం ఇది కుదరదు. దీని నాజిల్ దాదాపు 2 మిల్లీమీటర్లు, వాళ్లకు కావాల్సింది అర మిల్లీమీటరు లోపు నాజిల్ ఉండే ఎయిర్‌బ్రష్.