ఓటు, కారణం, సర్వనామం: మండపేట ఆధారంగా రాజకీయ నిర్ణయ మనస్తత్వ పరిశోధన

ఉపోద్ఘాతం

రాజకీయ నిర్ణయాల వెనుక ఉన్న మనస్తత్వాన్ని పరిశోధించే విద్యార్థికి ఎదురయ్యే తొలి ప్రమాదం, ఎన్నికల ఫలితాన్నే ఓటరు మనసుగా భావించడం. ఫలితం నిర్ణయాన్ని తెలుపుతుంది. దాని కారణాన్ని తెలుపదు. మండపేట శాసనసభ నియోజకవర్గం ఆధారంగా ఈ భేదాన్ని వివరించి, క్షేత్రపరిశోధనకు తగిన ప్రశ్నలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. ఫలితం చెప్పేది

2008 పునర్విభజనతో ఏర్పడిన మండపేటలో 2009, 2014, 2019, 2024 ఎన్నికల్లో తెలుగుదేశం అభ్యర్థి వేగుళ్ళ జోగేశ్వరరావు గెలిచారు. 2019లో రాష్ట్రంలోని 175 స్థానాల్లో ఆ పార్టీకి దక్కిన 23లో మండపేట ఒకటి. మండపేట అంతర్భాగమైన అమలాపురం లోక్‌సభ స్థానంలో మాత్రం అవే ఎన్నికల్లో వరుసగా కాంగ్రెస్, తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం గెలిచాయి.

మండపేట ఫలితానికి అభ్యర్థిపై నమ్మకం, పార్టీపై అభిమానం, సామాజిక వర్గ బంధం, ప్రత్యర్థి ఓట్ల చీలిక అనే నాలుగు కారణాల్లో ఏదైనా ఉండవచ్చు. పోలింగు కేంద్రాలవారీ ఓట్లను చూపే ఫారం 20లో శాసనసభ, లోక్‌సభ అంకెలను పోల్చితే మొదటి రెండింటినీ కొంతవరకు వేరుచేయవచ్చు. అయితే సమూహపు అంకెల నుండి వ్యక్తి ప్రవర్తనను నిర్ధారించరాదని డబ్ల్యు. ఎస్. రాబిన్సన్ 1950లోనే నిరూపించారు. కాబట్టి ఓటరుతో మాట్లాడక తప్పదు.

2. ‘ఎందుకు’ అనే ప్రశ్న

“ఎందుకు వేశారు?” అని అడిగితే వచ్చేది తరచు సమర్థనే. మనుషులు తమ నిర్ణయాలకు చెప్పే కారణాలు అసలు కారణాలు కాకపోవచ్చునని నిస్బెట్, విల్సన్ 1977లో చూపారు. పైగా ఎవరికి వేశారో చెప్పమని ఓటరును నిర్బంధించరాదని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్ చెబుతున్నది. అందువల్ల “ఎప్పుడు నిర్ణయించుకున్నారు? అంతకుముందు ఎవరితో మాట్లాడారు? ఇంకెవరి గురించి ఆలోచించారు?” అని క్రమాన్ని అడగడం మేలు.

3. నేను, మేము, మనం

ఇక్కడ తెలుగు వ్యాకరణం పరిశోధకునికి తోడ్పడుతుంది. ‘మనం’ వినేవారిని కలుపుకొంటుంది. ‘మేము’ వారిని మినహాయిస్తుంది. “నేను అనుకున్నాను” అన్నవారూ “మేము అనుకున్నాం” అన్నవారూ ఒకే గుర్తుపై మీట నొక్కి ఉండవచ్చు. నిర్ణయించింది ఒకచోట వ్యక్తి, మరొకచోట కుటుంబమో వీధో కావచ్చు. “మనవాడు” అనే మాటలో పరిశోధకుణ్ణి కూడా తమవాడిగా లెక్కించుకోవడం ఉండవచ్చు; అప్పుడు ఆ సమాధానంపై అతని ఉనికి ప్రభావం ఎంతో పరిశీలించాలి. సర్వనామం సూచనే కాని రుజువు కాదు, “మేము అంటే ఎవరెవరు?” అని అడిగి నిర్ధారించుకోవాలి.

ముగింపు

సమాధానాలను సారాంశాలుగా కుదించినా, ఆంగ్లంలోకి మార్చి నమోదు చేసినా ‘మేము’, ‘మనం’ ఒక్కటైపోతాయి. నిర్ణయం ఎవరిదో చెప్పే ఆధారం అక్కడే జారిపోతుంది. కనుక ఓటరు మాటను ఉన్నది ఉన్నట్టు తెలుగులో నమోదు చేయడం ఈ పరిశోధనలో తొలి మెట్టు.