కారు అద్దాలకు ఫిల్మ్: సొంత చేతులా, పనివాని చేతులా?

వేసవి రాగానే కారున్న ఇండ్లలో ఒక చర్చ మొదలవుతుంది. అద్దాలకు ఫిల్మ్ అతికించుకొందామా, వద్దా? అతికించుకొనేటట్లయితే ఆ పని మనమే చేసుకొందామా, దుకాణానికి అప్పగిద్దామా? రెంటచింతలలోనో, రామగుండంలోనో 45 డిగ్రీల ఎండను చవిచూసినవారికి మొదటి ప్రశ్నకు సమాధానం వేరే చెప్పనక్కరలేదు. రెండవ ప్రశ్న మాత్రం ఆలోచించదగినది. చాలామంది దీనిని డబ్బుకూ ఓపికకూ సంబంధించిన లెక్కగానే చూస్తారు. కాని కారు అద్దం ఎండను ఆపే తెర కావడానికి ముందు దారిని చూపే కన్ను. ఆ కంటిమీద ఎంత కప్పు వేయవచ్చునో తెలిసిన తరువాతనే ఎవరు వేయవలెనన్న మాట వస్తుంది.

ముందుగా ఎండ సంగతి తెలుసుకొందాము. భూమిని చేరే సూర్యశక్తిలో ఇంచుమించు సగం కంటికి కనబడని పరారుణ కిరణాల రూపంలో ఉంటుంది. మిగిలినదానిలో చాలా భాగం మనకు కనిపించే వెలుగు. చర్మానికి, సీట్ల రంగుకు చేటు చేసే అతినీలలోహిత కిరణాలు నూటికి 5 పాళ్ళకు మించవు. దీనినిబట్టి ఒక ముఖ్యమైన సంగతి తెలుస్తున్నది. నల్లగా ఉన్నంత మాత్రాన ఫిల్మ్ వేడిని బాగా ఆపుతుందని అనుకోరాదు. నలుపు ఆపేది ప్రధానంగా కంటికి కనబడే వెలుగును. చవకరకం నల్ల ఫిల్మ్ దారిని మసకబారుస్తూనే పరారుణ కిరణాలను చాలావరకు లోపలికి వదలిపెట్టవచ్చును. నాణ్యమైన ఫిల్మ్ దాదాపు తెల్లని గాజువలె కనబడుతూ కూడ అతినీలలోహిత కిరణాలను నూటికి 99 పాళ్ళు ఆపగలదు.

ఈ ఫిల్మ్ అనేది పాలియెస్టరుతో చేసిన పలుచని పొర. ఒక వైపున జిగురు, రెండవ వైపున గీతలు పడకుండ గట్టిపూత ఉంటాయి. దానికి గుణం ఇచ్చేది నడుమ ఉన్న పదార్థం. వట్టి రంగు వేసినవి చవక. కొన్ని ఏండ్ల ఎండకు ఆ రంగు విరిగి ఊదాగా మారుతుంది. అటువంటి కార్లు మన వీధులలో కనబడుతూనే ఉంటాయి. లోహపు పూత గలవి వేడిని బాగా తిప్పికొడతాయి. కాని రేడియో తరంగాలకు కూడ అడ్డుపడగలవు. వెనుక అద్దంలో ఏరియల్ తీగ ఉన్న కార్లలో రేడియో సరిగా పలకకపోవచ్చును; ముందు అద్దానికి అతికించిన ఫాస్టాగ్‌ను టోల్‌గేటు వద్ద యంత్రం గుర్తించడం కష్టం కావచ్చును. సెరామిక్ రకాలకు ఈ చిక్కు లేదు. అవి ఎక్కువ నలుపు లేకుండానే పరారుణ కిరణాలను ఆపుతాయి. వెల మాత్రం ఎక్కువ.

ఇక చట్టం సంగతి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 100వ నిబంధన ప్రకారం ముందు, వెనుక అద్దాల గుండా వెలుగు నూటికి 70 పాళ్ళకు తగ్గకుండ, పక్క అద్దాల గుండా 50 పాళ్ళకు తగ్గకుండ ప్రసరించవలెను. 2012 ఏప్రిల్ 27వ తేదీన సుప్రీంకోర్టు అద్దాలకు నల్ల ఫిల్మ్ గాని మరే పొర గాని అతికించరాదని తీర్పు చెప్పినది. ఆపైన నిబంధనను సవరించి, లోపలివైపు ప్లాస్టిక్ పొర గల అద్దాలను భారతీయ ప్రమాణాలకు లోబడి 2021 ఏప్రిల్ 1 నుండి అనుమతించారు. 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఈ సవరణను ఆధారం చేసుకొని, 70, 50 పాళ్ళ హద్దు పాటించే ఫిల్మ్ నేరం కాదని తీర్పిచ్చినది. అయినా అది ఒక రాష్ట్రపు హైకోర్టు మాట. దారిలో పోలీసువారు 2012 నాటి తీర్పును చూపవచ్చును. కనుక పనికి పూనుకొనే ముందు మీ ఊరి రవాణాశాఖ కార్యాలయంలో ఒక్కమారు విచారించడం మేలు.

ఇక్కడ చాలామంది పొరపడే లెక్క ఒకటి ఉన్నది. దుకాణంలో “ఇది 60 పాళ్ళ ఫిల్మ్, 50కి పైనే గదా” అంటారు. నిజమే. కాని కారు అద్దం కూడ పూర్తిగా తెల్లనిది కాదు. చాలా కార్లకు కర్మాగారంలోనే లేత ఆకుపచ్చ ఛాయ ఇస్తారు. ఆ అద్దం తనంత తానుగా 80 పాళ్ళ వెలుగును పంపుతున్నదని అనుకొందాము. ఆ 80లో 60 పాళ్ళు మాత్రమే ఫిల్మ్‌ను దాటుతాయి. అంటే చివరకు లోపలికి వచ్చేది 48. హద్దు తప్పినట్లే. 70 పాళ్ళ ఫిల్మ్ అయితే 56 మిగులుతుంది. ముందు అద్దానికైతే 85 పాళ్ళ ఫిల్మ్ వేసినా 68 మాత్రమే మిగిలి హద్దు తప్పుతుంది. 90 పాళ్ళది వేస్తే 72 వస్తుంది. అనగా ముందు, వెనుక అద్దాలకు దాదాపు రంగులేని ఫిల్మ్ తప్ప మరొకటి కుదరదు. అద్దం పాళ్ళెన్నో మీటరు పెట్టి చూస్తే గాని తెలియదు. సొంతంగా పని చేసుకొనేవారికి మొదటి లోటు ఇదే. చేతిలో బ్లేడు ఉంటుంది గాని మీటరు ఉండదు.

ఇప్పుడు పని తీరు చూద్దాము. తలుపు అద్దాలు ఇంచుమించు చదునుగా ఉంటాయి. ఓపిక గల గృహస్థుడు వీటిని నేర్చుకొని చేయగలడు. గాలి వీచని, దుమ్ము లేవని మూసిన షెడ్డు కావలెను. నడిరోడ్డు మీద, చెట్టు క్రింద ఈ పని కాదు. అద్దాన్ని లోపలివైపు సబ్బునీటితో కడిగి, పాతమరకలను బ్లేడుతో గీకి, మళ్ళీ కడగవలెను. అద్దానికి వెలుపలివైపు ఫిల్మ్ పరచి, అంచుల వెంబడి ఆకారానికి కత్తిరించుకొంటారు. ఆ తరువాత జిగురుమీది కాగితంవంటి పొరను ఊడదీసి, జిగురుపైనా అద్దంపైనా కొన్ని చుక్కల షాంపూ కలిపిన నీరు చల్లి, లోపలివైపు అతికిస్తారు. తడి ఉన్నంతసేపు ఫిల్మ్‌ను అటూ ఇటూ జరుపుకోవచ్చును. సరిగా కుదిరిన పిదప రబ్బరు అంచు గల పలకతో నడుమ నుండి అంచులకు నీటిని నెట్టివేయవలెను. పై అంచున వెంట్రుకవాసి ఖాళీ వదలి, క్రింది అంచును రబ్బరు పట్టీలోనికి దింపవలెను. అద్దాల మీటలున్న తలుపులలోనికి నీరు దిగకుండ ముందే మందపాటి తువ్వాలు పరచుకోవలెను. మూడు నాలుగు రోజులు అద్దాలను దింపరాదు. మిగిలిన తేమ ఆరడానికి వారాలు పట్టవచ్చును. ఆ లోపల కనబడే చిన్న నీటిబుడగలకు కంగారుపడి గోటితో నొక్కరాదు. అమ్మోనియా కలిసిన ద్రవాలతో అద్దాలు తుడవరాదు.

వెనుక అద్దం సంగతి వేరు. అది రెండు దిక్కులా వంపు తిరిగి ఉంటుంది. చదునైన కాగితాన్ని కుండకు చుట్టబోతే ముడుతలు పడినట్లే, ఫిల్మ్ కూడ ఆ వంపు మీద ముడుతలు పడుతుంది. దానిని అద్దం వెలుపలివైపు పరచి, వేడిగాలితో కొంచెం కొంచెంగా కుదించి ఆ వంపును నేర్పవలెను. ఈ ఫిల్మ్ చుట్ట పొడవు దిక్కున బాగా కుదించుకొంటుంది, అడ్డదిక్కున అంతగా కుదించుకోదు. ఏ దిక్కున పరచవలెనో తెలియనివాడు ఎంత వేడి పెట్టినా ముడుత పోదు. వేడి మించితే ఫిల్మ్ కమిలిపోతుంది, ఒక్కొక్కప్పుడు అద్దమే పగలవచ్చును. అంతకన్న పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. చాలా కార్ల వెనుక అద్దానికి లోపలివైపు, మంచుతెరను కరగించే సన్నని వేడిగీతలు ఉంటాయి. ఆ గీతలమీద బ్లేడు పడితే ఆ గీత తెగిపోయినట్లే. పాత ఫిల్మ్‌ను బలంగా పెరికినా గీతలు జిగురుతో సహా ఊడివస్తాయి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు, ఎండకు అడ్డు కట్టబోయి వర్షాకాలపు చూపు పోగొట్టుకొంటాము. ఈ అద్దాన్ని అనుభవం గల పనివానికి అప్పగించడమే మంచిది. ఆవిరితో జిగురు మెత్తబరచి నెమ్మదిగా ఊడదీసే సాధనాలు అతని వద్ద ఉంటాయి.

ముందు అద్దాన్ని గురించి మరొక మాట. అది రెండు గాజుపలకల నడుమ ప్లాస్టిక్ పొర పెట్టి చేసినది. ఆ పొరే అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఆపివేస్తుంది. కనుక చర్మాన్ని కాపాడుకొనడానికి ముందు అద్దంపై ఫిల్మ్ అక్కరలేదు. కారు నిలిపినపుడు లోపల అడ్డుపెట్టే మడత తెర కొంతవరకు వేడిని ఆపుతుంది. దానికి నేర్పు అక్కరలేదు, చట్టం అడ్డురాదు.

ఇక పనివానికి ఇచ్చినపుడు మనం అడగవలసినవి కొన్ని ఉన్నవి. ఫిల్మ్ వేయకముందు, వేసిన తరువాత మీ కళ్ళ ఎదుట అద్దానికి మీటరు పెట్టి చూపించమనండి. ఫిల్మ్ పేరు, రకం, అది పంపే వెలుగు పాళ్ళు బిల్లుపై వ్రాయించండి. ఎన్ని ఏండ్ల హామీయో, రంగు మారితే, అంచులు లేస్తే ఎవరు మార్చి ఇస్తారో కాగితంపై తీసుకోండి. పని జరిగే చోటు దుమ్ములేకుండ ఉన్నదో లేదో చూడండి. ఈ ప్రశ్నలకు విసుగుకొనే దుకాణం కంటే ఓపికగా బదులు చెప్పే దుకాణం మేలు. “పోలీసుల సంగతి మేము చూసుకొంటాము” అనే మాటను మాత్రం నమ్మవద్దు. దారిలో కారు ఆపినపుడు జవాబు చెప్పవలసినది నడిపేవారే, దుకాణం కాదు.

ఖర్చు విషయంలో సొంతపని చవక అన్నది సగమే నిజం. ఫిల్మ్, పలక, బ్లేడ్లు కొనుక్కొంటే కూలి మిగులుతుంది. కాని కొత్తవారికి మొదటి అద్దం చెడకుండ రావడం అరుదు. చెడిన ఫిల్మ్‌ను తిరిగి అతికించలేము, మళ్ళీ కొనవలసినదే. అలవాటు గల పనివాడు కొద్ది గంటలలో ముగించే పనికి మనకు ఒక రోజంతా పట్టవచ్చును, పైగా హామీ ఉండదు. కనుక ఇట్లా పంచుకోవడం బాగుంటుంది. అద్దాల శుభ్రత, కిటికీల జాలితెరలు, ముందు మడత తెర మనమే చూసుకోవచ్చును. చేతినేర్పు మీద నమ్మకం ఉంటే తలుపు అద్దాలను కూడ, తరువాత మీటరుతో పరీక్ష చేయించే షరతు మీద, ప్రయత్నించవచ్చును. వెనుక అద్దం, పాత ఫిల్మ్ తీయడం, సెరామిక్ వంటి విలువైన ఫిల్మ్ పనివానికే విడువవలెను.

చివరగా రెండు హెచ్చరికలు. ఎండలో నిలిపిన కారు లోపలి వేడి ఒక గంటలో 20 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. ఫిల్మ్ ఆ పెరుగుదలను కొంత తగ్గించవచ్చును గాని ఆపలేదు. ఫిల్మ్ ఉన్నదన్న ధైర్యంతో పసిపిల్లలను, వృద్ధులను, పెంపుడు జంతువులను మూసిన కారులో అయిదు నిమిషాలైనా విడువరాదు.

రెండవది చీకటి. ఫిల్మ్ బాగున్నదో లేదో మనం పట్టపగలు చూసి మెచ్చుకొంటాము. నిజమైన పరీక్ష మునిమాపున, వాన పడుతున్నపుడు, దీపాలు లేని మలుపు దగ్గర జరుగుతుంది. వయస్సు పెరిగినకొద్దీ కంటిపాప చీకటిలో మునుపటివలె విచ్చుకోదు. ఇంటిలో పెద్దవారు కూడ ఆ కారు నడుపుతూ ఉంటే లేత ఫిల్మ్‌నే ఎన్నుకోండి. అతికించిన రోజు సాయంకాలమే కారును మీ వీధిలో నిలిపి, సీటులో కూర్చొని పక్క అద్దం గుండా చూడండి. గోడవారగా నల్లని బట్టలు కట్టుకొని నడిచే మనిషి మీకు ఇబ్బంది లేకుండ కనబడవలెను. కనబడకపోతే, అతికించినది మీ చేతులైనా పనివాని చేతులైనా, ఆ ఫిల్మ్‌ను మరునాడే తీయించండి.