ఆకాశపాఠాలు – వాటి నియమాలు

రామచంద్రపురంలో ఏ వీధిలో చూచినా డాబాలమీద పళ్ళాలవంటి చిన్న చిన్న ఏంటెన్నాలు కనిపిస్తాయి. వాటిలో కొన్నింటి ముఖం దక్షిణం నుంచి కొంత తూర్పుకు తిరిగి వుంటుంది. అవి చూస్తున్నది 2015లో ప్రయోగించిన జీశాట్-15 అనే ఉపగ్రహాన్ని. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూమి తన చుట్టూ తాను తిరిగే కాలంలోనే అదికూడా ఒక చుట్టు తిరుగుతుంది. అందువల్ల క్రిందినుంచి చూచేవారికి అది కదలక ఒకే చోట నిలిచినట్లు వుంటుంది. ఏంటెన్నాను ఒకసారి అమర్చితే చాలు. సినిమాలతోబాటు కళాశాల పాఠాలుకూడా ఈ మార్గాననే దిగివస్తున్నాయి.

విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడు పలికిన మాట ఉపగ్రహం వరకు ఎక్కి, తిరిగి రామచంద్రపురం చేరడానికి 72,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేస్తుంది. రేడియో తరంగాలు సెకనుకు 3,00,000 కిలోమీటర్ల వేగంతో పోతాయి కాబట్టి దీనికి పట్టే కాలం పావు సెకను మాత్రమే. అంటే దూరం పెద్ద అడ్డంకి కాదు. మరి అసలు అడ్డంకి ఏది?

ముఖం కనిపించని తరగతి

తరగతిగదిలో ఉపాధ్యాయుడు పాఠం చెబుతూ విద్యార్థుల ముఖాలు చూస్తాడు. అర్థంకాని చూపు కనిపించగానే ఆగి, మరొక ఉదాహరణ చెబుతాడు. ఎవరు రాలేదో, ఎవరు వెనుకబడ్డారో ఆయనకు తెలుస్తుంది. దూరప్రసారంలో ఈ చూపు తెగిపోతుంది. ఆ లోటును యంత్రం పూర్తిగా తీర్చలేదు. దానిని తీర్చడానికి ఏర్పడినవే ఇట్టి పాఠ్యక్రమాల నియమాలు.

మన దేశపు అనుభవమే ఇందుకు సాక్ష్యం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలుకూడా వున్నవి. ఉదయం ఒకటిన్నర గంటసేపు బడిపిల్లలకు పాఠాలు వచ్చేవి. అది గొప్ప ప్రయోగమే. కాని ఆ బాట ఒకవైపుదే: బొమ్మ దిగివచ్చేది, పిల్లవాడి సందేహం మాత్రం అదే దారిన తిరిగి వెళ్ళేది కాదు. తెరముందు నిలబడి దానిని తీర్చవలసినవాడు ఆ వూరి ఉపాధ్యాయుడే.

1982లో హైదరాబాదులో స్థాపితమైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో ఆ కోవకు చెందినవాటిలో మొదటిది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. రేడియో పాఠాలనూ, అచ్చుపుస్తకాలనూ వాడుకొంటూనే అది అధ్యయన కేంద్రాలనుకూడా నెలకొల్పినది. విద్యార్థి అక్కడికి వెళ్ళి సందేహాలు అడుగవచ్చును. తరువాత 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోటనుంచి ఎగిరిన ఎడ్యుశాట్, ప్రశ్నను తిరిగి పంపే బాటనుకూడా ఏర్పరచినది. ఎక్కువగా ఇంటర్నెట్ ద్వారా నడిచే ‘స్వయం’ పాఠ్యక్రమాలు, ఉపగ్రహం ద్వారా వచ్చే ‘స్వయంప్రభ’ చానెళ్ళు 2017 జూలై 9న ప్రారంభమయ్యాయి. ఈ చానెళ్ళలో రోజుకు నాలుగు గంటల కొత్త పాఠం పెట్టి, దానినే మరి ఐదుసార్లు ప్రసారం చేయాలని ఏర్పాటు. పగలు పనికి పోయేవాడు రాత్రి వినవచ్చునన్నమాట.

విద్యార్థినుంచి ఆశించేది

‘స్వయం’ పాఠ్యక్రమానికి నాలుగు అంగాలు: చూడవలసిన ఉపన్యాసం, చదువవలసిన పాఠం, తనను తాను పరీక్షించుకొనే ప్రశ్నలు, సందేహాలు చర్చించుకొనే వేదిక. మొదటి అంగంతోనే తృప్తిపడేవాడు పాఠం చూస్తాడే కాని నేర్చుకోడు. ఇంజనీరింగు, విజ్ఞానశాస్త్ర విషయాలలో ఇట్టి పాఠాలను ఐ.ఐ.టి.లు, బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్‌.పి.టి.ఇ.ఎల్. సంస్థ అందిస్తున్నది. దాని నియమాలను పరిశీలిస్తే వాటి వెనుకనున్న తర్కం తెలుస్తుంది.

పన్నెండు వారాల పాఠ్యక్రమంలో ప్రతి వారానికీ ఒక అభ్యాసం వుంటుంది. గడువు దాటితే దానిని స్వీకరించరు. ఇది కాఠిన్యంకాదు, గడువు తరువాత సరైన జవాబులు వెల్లడిచేస్తారు కాబట్టి, ఆలస్యంగా ఇచ్చే జవాబుకు విలువ లేదు. కాని జబ్బు చేయవచ్చును, కరెంటు పోవచ్చును, ఇంటిలో పెళ్ళి రావచ్చును. అందుకని పన్నెండింటిలో ఉత్తమమైన ఎనిమిదింటినే లెక్కలోకి తీసుకొంటారు. కాఠిన్యం గడువులో వున్నది; దయ లెక్కలో వున్నది.

అభ్యాసాలకు 25 మార్కులు, చివరి పరీక్షకు 75 మార్కులు. ఉత్తీర్ణతకు అభ్యాసాలలో 10, పరీక్షలో 30 విడివిడిగా రావాలి. ఇద్దరు విద్యార్థులను ఊహించండి. ఒకరికి అభ్యాసాలలో 10, పరీక్షలో 30 వచ్చాయి. మొత్తం 40, ఉత్తీర్ణుడు. రెండవవానికి 15, 29 వచ్చాయి. మొత్తం 44, అయినా తప్పాడు. ఇది అన్యాయంగా తోచవచ్చును. కాని ఇంట్లో చేసిన అభ్యాసం ఎవరి చేతి పనియో యంత్రానికి తెలియదు. చివరి పరీక్ష మాత్రం నిర్ణీత కేంద్రంలో, పర్యవేక్షకుని ఎదుట వ్రాయాలి. అక్కడ తొలిసారిగా విద్యార్థి ముఖం కనిపిస్తుంది. అభ్యాసాల మార్కు వారం వారం శ్రమకు సాక్ష్యం; పరీక్ష మార్కు ఆ శ్రమ అతనిదే అనడానికి సాక్ష్యం. ఒకటి రెండవదాని లోటును పూడ్చలేదు.

ఈ జాగ్రత్తకు కారణం వున్నది. ఈ పాఠాలు పట్టాలో చేరుతున్నాయి. ఒక సెమిస్టరులోని పాఠ్యవిషయాలలో 20 శాతం వరకు ‘స్వయం’ ద్వారా పూర్తిచేయడానికి విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2016లో అనుమతించి, 2021లో దానిని 40 శాతానికి పెంచినది. దూరపు పాఠానికి విలువ తగ్గితే, దానితో పొందిన పట్టాకూ విలువ తగ్గుతుంది. ఆ నష్టం అందరికంటె ముందు తగిలేది పెద్ద నగరపు కళాశాలకు పోలేని చిన్న పట్టణపు విద్యార్థికే.

కాలువ, పంటబోదె

గోదావరి డెల్టా రైతుకు ఈ సంగతి కొత్తకాదు. ధవళేశ్వరం ఆనకట్టనుంచి కాలువ నిండుగా వచ్చినా, పంటబోదె పూడిక తీయనివాని చేనికి నీరు ఎక్కదు. ఉపగ్రహం పెద్ద కాలువ. గడువుకు అభ్యాసం చేయడం, తెలియనిది అడగడం, తన జవాబు తానే వ్రాయడం పంటబోదె పని. ఆ పనిని పిల్లలకు హైస్కూలులోనే అలవాటు చేసే ఉపాధ్యాయుడు వారిని ఆకాశపాఠానికి సిద్ధం చేసినవాడవుతాడు.