తూలే నడకకు తాయ్‌చీ ఊతం

వంశపారంపర్య అటాక్సియా రోగులకు ఉపకరించే నెమ్మది సాధన

నడుస్తుంటే అడుగు తడబడుతుంది. చొక్కా గుండీ పెట్టుకోవడానికి చేయి సహకరించదు. మాట ముద్దగా వస్తుంది. తెలియనివారు మద్యం మత్తుగా పొరబడతారు. ఆ అవమానానికి జంకి, కింద పడతామన్న భయం తోడై రోగులు గడప దాటడమే మానేస్తుంటారు. కదలిక తగ్గేకొద్దీ కాళ్లలో సత్తువ సన్నగిల్లి, పడిపోయే ముప్పు మరింత పెరుగుతుంది. వంశపారంపర్యంగా సంక్రమించే ‘అటాక్సియా’ వ్యాధుల్లో ఎదురయ్యే ఈ విషవలయం నుంచి బయటపడేందుకు తోడ్పడగల సాధనల్లో చైనా సంప్రదాయ వ్యాయామం తాయ్‌చీ ఒకటి.

లోపం ఎక్కడ?

కదలికలను సమన్వయపరిచేది తల వెనుక భాగాన ఉండే చిన్నమెదడు. స్పైనోసెరెబెల్లార్ అటాక్సియాలో జన్యులోపం కారణంగా అక్కడి కణాలు క్రమేణా క్షీణిస్తాయి. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఈ వ్యాధి ఉన్నా, ప్రతి బిడ్డకూ లోపం సంక్రమించే అవకాశం 50 శాతం. ఫ్రీడ్‌రైక్ అటాక్సియా తీరు వేరు. తల్లీ తండ్రీ ఇద్దరూ లోపజన్యువు వాహకులైతేనే, ప్రతి కాన్పులోనూ 25 శాతం ముప్పు ఉంటుంది. ఇలాంటి వ్యాధులకు మేనరికపు వివాహాలు అవకాశం పెంచుతాయి.

ఫ్రీడ్‌రైక్ రకానికి కారణమైన జన్యువును 1996లో గుర్తించారు. దాని చికిత్సకు ఒమావెలోక్సోలోన్ అనే ఔషధాన్ని 2023లో అమెరికా అనుమతించింది. అయితే అది వ్యాధిని సమూలంగా నయం చేసేది కాదు. విటమిన్-ఇ లోపంతో వచ్చే అరుదైన వంశపారంపర్య రకాన్ని మాత్రం ఆ విటమిన్ ఇచ్చి అదుపు చేయవచ్చు. కనుక వ్యాయామం ఆరంభించేముందు నరాల వైద్య నిపుణుని వద్ద వ్యాధి రకాన్ని నిర్ధారించుకోవడం తప్పనిసరి.

నెమ్మదిలోనే బలం

చైనాలోని హెనాన్ రాష్ట్రంలో 17వ శతాబ్దంలో రూపుదిద్దుకున్న యుద్ధవిద్య తాయ్‌చీ. సామాన్యులు సులువుగా నేర్చుకునేందుకు 1956లో దానిని 24 భంగిమలకు కుదించారు. యునెస్కో 2020లో దీనిని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

మోకాళ్లు కొద్దిగా వంచి, వెన్ను నిటారుగా ఉంచి, శరీర భారాన్ని ఒక కాలి నుంచి మరో కాలికి నింపాదిగా మార్చడం ఇందులో కీలకం. ఒక కాలిపై భారం పూర్తిగా నిలిచాకే రెండో పాదం కదులుతుంది. నడకలో అటాక్సియా రోగి తడబడేది సరిగ్గా ఈ మార్పు దగ్గరే. అడుగు ఎక్కడ పడుతోందో గమనిస్తూ పదేపదే చేయడం వల్ల తూకం తప్పినపుడు సర్దుకునే నేర్పు అలవడుతుంది, కాళ్లకు బలం చేకూరుతుంది.

పరిశోధనలు ఏమంటున్నాయి?

అమెరికాలోని ఓరెగాన్‌లో 195 మంది పార్కిన్సన్స్ రోగులపై జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది. వారానికి రెండుసార్లు, 24 వారాలపాటు తాయ్‌చీ చేసినవారిలో నిలకడ మెరుగైంది. కేవలం ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసినవారికంటే వారు తక్కువసార్లు పడిపోయారు. పార్కిన్సన్స్, అటాక్సియా వేర్వేరు వ్యాధులు గనుక ఈ ఫలితాన్ని యథాతథంగా అన్వయించలేము. వంశపారంపర్య అటాక్సియాలో తాయ్‌చీపై ఆధారాలు ఇంకా పరిమితమే.

అయితే చిన్నమెదడు క్షీణించిన 42 మందికి జపాన్‌లో నాలుగు వారాలపాటు ముమ్మరంగా శిక్షణ ఇవ్వగా నడక మెరుగుపడినట్లు 2012లోనే వెల్లడైంది. నెలలు గడిచేకొద్దీ ఆ లాభం తగ్గుతూ వచ్చింది. అంటే నాలుగు రోజులు చేసి వదిలేస్తే ప్రయోజనం నిలవదు, సాధన నిత్యకృత్యం కావాలి.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

తొలిరోజుల్లో గోడకు దగ్గరగా, కదలని బరువైన కుర్చీని పట్టుకుని చేయాలి. పక్కన ఒకరు తోడుండాలి. తడి నేల, జారే చాప, చీకటి గది పనికిరావు. నిలబడలేనివారు కుర్చీలో కూర్చునే చేతులు, నడుము కదలికలు సాధన చేయవచ్చు. ఫ్రీడ్‌రైక్ అటాక్సియాలో గుండె కండరం కూడా దెబ్బతినే అవకాశమున్నందున హృద్రోగ నిపుణుని అనుమతి పొందాలి. ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే ఆపాలి. భంగిమలను ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో రోగి శక్తిమేరకు మార్చుకోవడం క్షేమం.

తాయ్‌చీతో జన్యులోపం సరికాదు. వ్యాధి మూలం నుంచి పోతుందని ఎవరు చెప్పినా నమ్మి మందులు మానరాదు. ఒక్కసారి జారిపడి తుంటి ఎముక విరిగితే మంచానికే పరిమితం కావలసి వస్తుంది. అలా పడకుండా, మరికొన్నేళ్లు తన కాళ్లపై తాను వీధి గుమ్మం వరకు నడవగలిగితే రోగికి అంతకు మించిన ఊరట లేదు.