మన్నించడం తెలియని ఎక్స్ఎంఎల్

హైదరాబాద్ మదీనాగూడలో ముంబై హైవే పక్కన ఏ టిఫిన్ సెంటర్‌లోనైనా ప్లేటు ఇడ్లీ తిని, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి 40 రూపాయలు కొడతాం. కౌంటర్ మీది స్పీకర్ డబ్బు అందిందని అరిచేలోపు ఒక చిన్న పత్రం తయారై, డిజిటల్ సంతకం వేయించుకుని, బ్యాంకుల మధ్య తిరిగి వస్తుంది. 2016 ఏప్రిల్‌లో మొదలైన యూపీఐ తన సందేశాలకు ఎంచుకున్న రూపం ఎక్స్ఎంఎల్. ఆ పత్రాన్ని బాగా కుదించి, తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది:

<చెల్లింపు>
<ఇచ్చేవారు>కస్టమర్</ఇచ్చేవారు>
<పుచ్చుకునేవారు>టిఫిన్ సెంటర్</పుచ్చుకునేవారు>
<మొత్తం కరెన్సీ="రూపాయి">40.00</మొత్తం>
</చెల్లింపు>

తెలుగు ట్యాగులు సరదాకి పెట్టినవి కావు. ఎక్స్ఎంఎల్ యూనికోడ్ మీద నిలబడింది కాబట్టి ఇవీ నిబంధనలకు లోబడినవే, పత్రాన్ని చదివే ప్రోగ్రామ్ అయిన పార్సర్ వీటినీ చదువుతుంది.

అన్నిటినీ తనలో పెట్టుకునే రూట్ ఎలిమెంట్ ఒక్కటే ఉండాలి, ఇక్కడ అది చెల్లింపు. తెరిచిన ప్రతి ట్యాగునూ మూయాలి, లోపలిది మూశాకే బయటిది మూయాలి. పైన కరెన్సీ లాంటి అట్రిబ్యూట్ విలువకు కొటేషన్ గుర్తులు తప్పనిసరి. ఇవి పాటిస్తే పత్రం ‘వెల్ ఫార్మ్‌డ్’. ముగింపు ట్యాగులో ఏటవాలు గీత ఒక్కటి మరిచారా, పార్సర్ ఆ పత్రాన్ని తిప్పికొడుతుంది. హెచ్‌టీఎంఎల్ పేజీలో ఇలాంటి తప్పు ఉంటే బ్రౌజర్ ఇంటి పెద్దలా సర్దుకుపోతుంది, రాసినవాడి మనసులో ఏముందో ఊహించుకుంటుంది. డబ్బు దగ్గర ఆ ఊహే ప్రమాదం.

ఎక్స్ఎంఎల్ వెనక పాత వంశమే ఉంది. 1969లో ఐబీఎంలో గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ న్యాయ పత్రాల కోసం జీఎంఎల్ తయారు చేశారు. అది పెరిగి 1986లో ఎస్‌జీఎంఎల్ అనే అంతర్జాతీయ ప్రమాణమైంది. శక్తి బాగా ఉంది, బరువూ అంతే ఉంది, వెబ్‌కు సరిపడలేదు. 1996లో సన్ మైక్రోసిస్టమ్స్‌కు చెందిన జాన్ బోసాక్ నాయకత్వంలో ఒక బృందం దాన్ని చెక్కి సన్నం చేసింది. ముఖ్యమైన నిర్ణయాలు ఆగస్టు, నవంబరు మధ్యలోనే తేలిపోయాయి. ఆ బృందం ముఖాముఖి కలిసిందే లేదు, పనంతా ఈమెయిళ్లు, వారం వారం ఫోన్ కాల్స్ మీదే నడిచింది. రాత్రి కాల్స్‌తో వేగే మన ఐటీ వాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదేమో! 1998 ఫిబ్రవరి 10న ఎక్స్ఎంఎల్ 1.0 అధికారికంగా వెలువడింది.

పత్రం వెల్ ఫార్మ్‌డ్ అయితే సరిపోదు. పైన 40.00 ఉన్న చోట ‘నలభై’ అని రాయండి, పార్సర్ కిమ్మనదు. అది అంకే కావాలని పట్టుబట్టేది స్కీమా. ఎస్‌జీఎంఎల్ నుంచి వారసత్వంగా వచ్చిన డీటీడీ అనే పాత పద్ధతి ఏ ట్యాగు తర్వాత ఏది రావాలో చెప్పగలిగేది, లోపలున్నది అంకెనా తేదీనా అన్నది దానికి పట్టేది కాదు. 2001లో వచ్చిన ఎక్స్ఎంఎల్ స్కీమా ఆ లోటు తీర్చింది: మొత్తం ఒక్కసారే రావాలి, దశాంశం తర్వాత రెండు అంకెలు మించకూడదు అని ముందే రాసిపెట్టొచ్చు. ఈ పరీక్ష కూడా నెగ్గితేనే పత్రం ‘వ్యాలిడ్’. అయితే 40 బదులు పొరపాటున 400 కొడితే స్కీమా హాయిగా ఒప్పుకుంటుంది. దానికి రూపం తెలుసు, నిజం తెలియదు.

బ్యాంకు సందేశాల పనికి హైదరాబాద్ పాత చిరునామా. 1996లో రిజర్వు బ్యాంకు స్థాపించిన ఐడీఆర్‌బీటీ మాసబ్ ట్యాంక్‌లో ఉంది. దేశంలోని బ్యాంకులు పరస్పరం మాట్లాడుకునే ఎస్ఎఫ్ఎంఎస్ 2001లో అక్కడినుంచే వచ్చింది. పెద్ద మొత్తాలు పంపే ఆర్‌టీజీఎస్ 2013 అక్టోబరులో ఐఎస్ఓ 20022కు మారింది, అంటే ఎక్స్ఎంఎల్ సందేశాలకు.

కొత్త ప్రాజెక్టుల్లో ఇప్పుడు జేసన్ అనే మరో రూపానిదే రాజ్యం. ఆదాయపు పన్ను రిటర్నులు కూడా 2021లో దానికే మారాయి. ఎక్స్ఎంఎల్ వాచాలత్వం మీద ఫిర్యాదులు న్యాయమైనవే, 40 అనే రెండంకెలు చెప్పడానికి పైన ఎంత రాయాల్సి వచ్చిందో చూశారుగా. అయినా తప్పుడు పత్రాన్ని గుమ్మంలోనే ఆపాల్సిన చోట నా ఓటు దీనికే.

నమ్మకం కుదరకపోతే మీ రెజ్యూమె వర్డ్ ఫైలుకు ఒక నకలు తీసి, పేరు చివరి డాక్‌ఎక్స్ తీసేసి జిప్ అని పెట్టి తెరవండి. లోపల వర్డ్ అనే ఫోల్డర్‌లో డాక్యుమెంట్ అనే ఎక్స్ఎంఎల్ ఫైలు ఉంటుంది, మీ ఉద్యోగ చరిత్రంతా ట్యాగుల మధ్య కనిపిస్తుంది. అందులో ఒక్క ముగింపు ట్యాగు చెరిపి బ్రౌజర్‌కు ఇచ్చి చూడండి.