కంప్యూటరు నిద్ర

కంప్యూటరునకు నిద్ర యేమిటని కొందఱు పెద్దలు నవ్వవచ్చును. నిద్ర యున్నది. అందులోను రెండు తరగతులున్నవి. ఆ రెంటికిఁ గల భేదము తెలియకపోవుటచేతనే మన పల్లెలలో యంత్రమును నిష్కారణముగా నిందించుటయు, కష్టపడి వ్రాసిన వ్రాఁత పోఁగొట్టుకొనుటయు తఱచుగా జరుగుచున్నవి. 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయములు ఆరంభమైన తరువాత కంప్యూటరు మన రచ్చబండకు మఱింత చేరువైనది. దేశాంతరమునందున్న బిడ్డలు సెలవులకు వచ్చి, తమ పాత ల్యాప్‌టాపును తండ్రి చేతఁ బెట్టి పోవుటయు కృష్ణాతీరమున వాడుకయైనది. కావున ఈ నిద్ర సంగతి మీరును తెలిసికొనుట మంచిది.

కోఁతలు ముగిసి ధాన్యము కళ్లములో నున్నదనుకొనుఁడు. రైతు అచ్చటనే మంచము వాల్చి, లాంతరు తగ్గించి కునుకు తీయును. పిలిచిన వెంటనే లేచి, విడిచిన చోటనే పని మొదలుపెట్టును. కాని వాన కురిసెనా, ధాన్యము తడియును. ఇది మొదటి నిద్ర. దీనిని స్లీప్ అందురు. మీరు వ్రాయుచున్న దంతయు, భద్రపఱచునంత వఱకు, ర్యామ్ అను తాత్కాలిక స్మృతిలో నుండును. అదియే కళ్లము. విద్యుత్తు అందునంతసేపే దానికి జ్ఞాపకము. స్లీప్‌లో తెర ఆఱిపోవును, లోపలి పంకా నిలిచిపోవును. ఆ స్మృతికి మాత్రము కొంచెము విద్యుత్తు అందుచునే యుండును. అదియు తెగెనా, వ్రాసినది పోయినదే.

రెండవది హైబర్నేట్. రైతు ధాన్యమంతయు ఇంటికి తోలి, గాదెలో పోసి, తాళము వేసికొని నిద్రించినట్లన్నమాట. యంత్రము ర్యామ్‌లో నున్న దానిని డిస్కు మీఁద వ్రాసికొని, పూర్తిగా ఆఱిపోవును. నెల దినములు కరెంటు లేకున్నను నష్టము లేదు. మేలుకొనుటకు మాత్రము కొంత ఆలస్యమగును; గాదెనుండి ధాన్యము మరల తీయవలయును గదా! ఆ మాట జంతుశాస్త్రమునుండి వచ్చినది. చలిదేశములలో కొన్ని జంతువులు మంచుకాలమంతయు బొఱియలో ముడుచుకొని గడపుటకు ఆ పేరు. మనకు మంచు లేదు. కాలువలు కట్టిన పిదప బురదలో చొచ్చి, తొలకరికి బెకబెకలాడుచు వెలువడు కప్పను తలఁచుకొన్న సరిపోవును. ఈ నిద్రలనుగూర్చిన ఉమ్మడి నిబంధనలను ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు 1996లో ప్రకటించినవి.

ఇఁక చిక్కుల సంగతి. యంత్రము తనంత చీకటియైనప్పుడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న యొకటి యున్నది: మరల వెలిగించినప్పుడు మీ పని విడిచిన చోటనే యున్నదా? ఉన్నచో అది నిద్ర. అమరికలను సవరించిన తీఱును. అట్లుగాక యంత్రము మొదటినుండి క్రొత్తగా ఆరంభమైనచో అది నిద్ర కాదు, మూర్ఛ. బ్యాటరీ చచ్చుటచేతనో, వేఁడిమిచేతనో మూర్ఛ వచ్చును. బెజవాడ మే నెల యెండలో, గాలి పోవు రంధ్రములలో దుమ్ము నిండిన ల్యాప్‌టాపును పరుపు మీఁదఁ బెట్టి వాడినచో, కాలిపోకుండుటకు అది తన్ను తాను ఆర్పుకొనును. అప్పుడు అమరికలెన్ని మార్చినను ప్రయోజనము లేదు. దుమ్ము దులిపి, బల్లమీఁదఁ బెట్టవలయును. రాత్రివేళ విండోస్ తన మరమ్మతులు తాను చేసికొని మరల ఆరంభమగుటయు గలదు. దానిని మూర్ఛగా భావింపరాదు.

నిద్రయే యని తేలినచో కారణము సాధారణముగా ఇది: యంత్రము మీ చేతుల నెఱుఁగును గాని కన్నుల నెఱుఁగదు. మీట నొక్కక, మౌసు కదపక కొన్ని నిమిషములు గడిచినచో అచ్చట మనుష్యుఁడు లేఁడని తలఁచును. చలనచిత్రము నడుచుచున్నప్పుడు దానిని నడుపు సాధనమే తెర నార్పవలదని యంత్రమును కోరును. చదువరి పక్షమున అట్లు కోరువారు లేరు. అందుచేతనే మనుమనితో చూచుచు మాటలాడునప్పుడు నిద్రింపని యంత్రము, మీరు దస్తావేజు నిదానముగా చదువునప్పుడు నిద్రించును.

స్టార్ట్ గుర్తుమీఁద మౌసు కుడిమీట నొక్కినచో పవర్ ఆప్షన్స్ అను మాట కనఁబడును. అందు కరెంటు మీఁద నడుచునప్పుడు ఎంతసేపటికి నిద్రింపవలయును, బ్యాటరీ మీఁద నెంతసేపటికి అని వేఱువేఱుగా నుండును. చాలమంది మొదటి దానిని సవరించి, ఫలము లేదని విసుగుదురు. గోడలోని ప్లగ్గు వదులైనచో యంత్రము తాను బ్యాటరీమీఁద నున్నాననుకొని రెండవ లెక్కను పాటించును. మూలనున్న బ్యాటరీ బొమ్మను చూచిన ఈ గుట్టు తెలియును.

అన్నిటికిని ‘నెవర్’ అని పెట్టిన చాలదా యని అడుగుదురు. చాలదు. దివిసీమలో నాకు పరిచితులగు ఒక వృద్ధులు తమ యూరి కాలువల సంగతులను, ఏ బోదెకు ఎన్నఁడు నీరు వదలెడివారో, ఏ తూము నెవరు కట్టించిరో, జ్ఞాపకమునుండి నోట్‌ప్యాడ్‌లో వ్రాయుచున్నారు. అవి తెలిసినవారు ఆ యూర వేఱొకరు లేరు. వ్రాసిన పుటను రెండు మాఱులు చదువుకొననిదే ముందునకు పోని స్వభావము వారిది. నడుమ తెర చీకటియగుచున్నదని వాపోఁగా మనుమఁడు ఫోనులో చెప్పి అన్నిటిని నెవర్ చేయించెను. బ్యాటరీ అడుగంటినప్పుడు చేయవలసిన పనికిని ‘ఏమియు చేయవలదు’ అని పెట్టించెను. శ్రావణమాసములో ఒక గాలివాన రాత్రి కరెంటు పోయినది. తాతగారు నిద్రించిరి, యంత్రము మేలుకొనియే యున్నది. తెల్లవాఱుసరికి బ్యాటరీయు లేదు, నాలుగు పుటలును లేవు. వారు మరల వ్రాసిరి గాని, మొదట జ్ఞాపకమునకు వచ్చిన రెండు తూముల పేరులు ఇప్పటికిని తోఁచుటలేదఁట. ఇందు పిల్లవానిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. హైదరాబాదులో కూర్చున్నవానికి దివిసీమ గాలివాన గుర్తుండదు.

కావున తెర ఆఱు సమయమును పెంచుకొనుఁడు, స్లీప్ సమయమును పెంచుకొనుఁడు. బ్యాటరీ కడపటి హైబర్నేట్‌ను మాత్రము తీసివేయకుఁడు. పవర్ ఆప్షన్స్‌లోని అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో, బ్యాటరీ శీర్షిక క్రింద, క్రిటికల్ యాక్షన్ అనుచోట హైబర్నేట్ అని యుండవలయును. అది జరుగవలసిన మట్టము సాధారణముగా నూటికి 5 అని యుండును. పాత బ్యాటరీ నూటికి 10 చూపుచునే హఠాత్తుగా చచ్చును గనుక, 12 వఱకో 15 వఱకో పెంచుట మేలు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి బెజవాడ సింగునగరు మునిఁగినప్పుడు దినముల తరబడి అచ్చట కరెంటు లేదు. అట్టి వేళ కళ్లములోని ధాన్యము నిలువదు, గాదెలోనిదే నిలుచును.

బల్లమీఁది పెద్ద కంప్యూటరునకు యూపీయస్ ఉన్నదని ధైర్యపడువారు గలరు. యూపీయస్‌నుండి కంప్యూటరునకు విద్యుత్తు తీఁగ గాక, వార్త తెలుపు యూయస్‌బీ తీఁగ కూడ ఉండవలయును. లేనిచో కరెంటు పోయిన సంగతి యంత్రమునకు తెలియనే తెలియదు. యూపీయస్ కూఁతలు పెట్టి ఊరకుండును.

హైబర్నేట్ అను మాటయే కనఁబడనిచో, అధికారిహోదాలో కమాండ్ ప్రాంప్ట్ తెఱచి, పవర్‌సీఎఫ్‌జీ అను ఆజ్ఞకు ఏటవాలు గీఁతతో హైబర్నేట్ ఆన్ అని చేర్పవలయును. ఇది చదువుకొన్న కుఱ్ఱవానిచేతఁ జేయించుకొనుఁడు. అదే ఆజ్ఞకు హైబర్నేట్ ఆన్‌కు బదులు రిక్వెస్ట్స్ అని చేర్చినచో, నిద్రింపవలసిన యంత్రమును ఏ సాధనము మేలుకొలిపి యుంచుచున్నదో పేరుతోసహా చూపును.

మేలుకొలిపినప్పుడు తెర నల్లగా నుండినచో కంగారుపడి పవర్ బొత్తామును అదిమిపట్టరాదు. అట్లు కొన్ని సెకండ్లు పట్టినచో యంత్రము బలవంతముగా ఆఱి, స్మృతిలోనిది పోవును. ఒక మాఱు తాఁకి విడిచి, రెండు నిమిషములు చూడుఁడు. పాత డిస్కుగల యంత్రములకు గాదె తలుపు తీయుటకే అంతసేపు పట్టును.